గడప దాటిన మంచం

కిష్టారం దగ్గరి ఆ పల్లెలో భద్రమ్మను మెచ్చుకోనివాళ్లు లేరు. కాళ్లు చచ్చుబడిన అత్త రామక్కను చేతుల మీద ఎత్తుకుని రోజూ కాలకృత్యాలకు పెరట్లోకి తీసుకెళ్లేది. ఇంట్లోనే కుండ పెడదామంటే ముసలామె ఒప్పుకోదు. పొయ్యి ఉన్న ఇంట్లో ఆ పనా అంటుంది. పోనీ మంచంతో మోద్దామంటే ఊరు ఒప్పుకోదు. మంచం మీద గడప దాటేది శవమేనట. ఊరికేం, చెప్పడానికి నోరుంటే చాలు; మోయడానికి నడుం కావాలి.

మొగుడు సీతయ్య ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఓ చెయ్యి వేసేవాడు. బస్తరు సంస్థానం వాళ్లు రోడ్డు వెట్టికి మనుషుల్ని తోలుకుపోతూ అతన్నీ తోంగ్‌పాల్ వైపు పట్టుకుపోయారు. ఎప్పుడొస్తాడో తెలీదు.

ఒకరోజు అత్తను మోస్తూ గడప దాటుతుంటే భద్రమ్మ నడుం కలుక్కుమంది. అత్త భయంతో ఆమె మెడ పట్టుకుని వేలాడింది. ఇద్దరూ గడప మీదే కూలబడ్డారు. ముసలామె భుజం ద్వారబంధానికి కొట్టుకుంది.

"నడుం పట్టిందా, పిల్లా?"

"ఏం లేదత్తా, కాలు జారింది."

అబద్ధమే. ఆనాటి నుంచి అత్త పిలిస్తే చాలు, భద్రమ్మకు భయం పట్టుకునేది. ఈసారి అత్త తుంటి విరిగితే? తన నడుమే పడిపోతే? ఇద్దరూ మంచం పడితే గుక్కెడు నీళ్లు పోసేదెవరు?

రానురాను అత్త పిలవడం తగ్గిపోయింది. భద్రమ్మకు ప్రాణం తెరిపిన పడింది, అందుకు సిగ్గూ వేసింది. ఎండలు ముదిరాయి. ఓ సాయంత్రం మంచం పక్కన సొరబుర్ర ఎత్తి చూస్తే, పొద్దున పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. అత్త పెదాలు పగిలి ఉన్నాయి.

"ఏందత్తా ఇది? చస్తవా ఏంది?"

"తాగితే బయటికి పోవాలె. పోవాలంటే నువ్వెత్తాలె. నీ నడుం సంగతి నాకెరుక లేదనుకున్నవా?"

భద్రమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. విసురుగా వెళ్లి పొరుగింటి పొజ్జేనూ, ఆమె మొగుడు కోసనూ పిలుచుకొచ్చింది. "మంచం పట్టుండ్రి" అంది.

"మంచంతోనా? ఊరోళ్లేమంటరు?" అంది పొజ్జే.

రామక్క గడప వంక చూసింది. ఆమెకూ భయమే.

"ముందు ఆ నీళ్లియ్యి" అని గటగటా తాగింది. "గడప దాటేదాక నేను మాట్లాడుతనే ఉంట. పీనుగైతే మాట్లాడదు గదా!"

తలవైపు కోస ఒక్కడే ఎత్తాడు. కాళ్లవైపు ఆడవాళ్లిద్దరూ చెరో కోడు పట్టారు. రామక్క వీధంతా వినబడేలా పొజ్జే కోళ్లను తిట్టడం మొదలుపెట్టింది. తన మిరపనారు తిన్నాయట. సరిగ్గా గడప మీదికొచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయింది.

భద్రమ్మ పట్టిన కోడు వదలకుండానే మెడ చాచి చూసింది. "అత్తా!"

"ఉన్నా పిల్లా. ఊపిరి తీసుకుంటున్న. నడువు."