మందకు తెలిసిన గూగ్లీ

చిట్యాల దాటినాక హైవేను ఆనుకుని ఒక వెంచర్ ఉంది. ముందు పెద్ద కమాను, కమాను మీద రంగు వెలిసిన రెండు సిమెంటు ఏనుగులు, లోపల వరుసలు తీరిన హద్దురాళ్లు. ఇళ్లు మాత్రం లేవు. ప్లాట్లు కొన్నవాళ్లంతా హైదరాబాదులో ఉండి, ధర ఎంతకు వచ్చిందో ఫోన్లో కనుక్కుంటుంటారు. కరెంటు స్తంభాలు పాతారు గానీ తీగలు లాగలేదు. పొద్దు వాలితే ఆ స్తంభాల నీడలు ఖాళీ ప్లాట్ల మీదుగా సాగుతాయి. మనుషులు రావలసి ఉండి రాని జాగా ఎట్లా ఉంటుందో అది అట్లా ఉంటుంది. అక్కడ గొర్లు మేస్తాయి, నాగరాణి బంతులు వేస్తుంది.

నాగరాణి గురించి ఒకసారి పేపర్లో వచ్చింది. ‘మట్టిలో మాణిక్యం’ అని పేరు పెట్టి, భుజాన గొంగడి వేయించి, చేతిలో బంతి పెట్టి ఫొటో తీశారు. అది మే నెల. గొంగడి పక్కింటి వాళ్లది. ఆమె డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, లెగ్ స్పిన్ నేర్చుకున్నది ఫోన్లో వీడియోలు చూసి. గొర్ల కాపరి బిడ్డ కష్టాల్లోంచి ఎదిగిందన్న కథ రాసేవాళ్లకు సులువు. కానీ ఆమెకు కావలసింది కథ కాదు, హైదరాబాదులో జరిగే రాష్ట్ర శిబిరానికి ఎంపిక. నల్లగొండలో జరిగే సెలక్షన్ మ్యాచిలో బంతి తిరగాలి, ఎటు తిరుగుతుందో ఎదుటివాళ్లకు తెలియకూడదు. అంతే.

ఆమె తండ్రి గుర్వయ్య ఇదే వెంచర్లో పోయాడు. నాగరాణి ఇంటర్లో ఉన్నప్పుడు, వానకారు మొదట్లో, చివరి స్తంభం దగ్గర పిడుగు పడింది. చుట్టూ ఉన్న మందలో ఒక్క గొర్రెకు కూడా వెంట్రుక కాలలేదు. జనం వచ్చేదాకా అవి ఆయన చుట్టూ నిలబడే ఉన్నాయి, పిలుపు కోసం చూస్తున్నట్టు.

ఆయన పిలుపులు రెండే. మందను ఎడమకు తిప్పాలంటే నాలుకను అంగిట్లో కొట్టి టక్కుమనేవాడు. కుడికి తిప్పాలంటే పెదవులు అదిరించి బుర్ర్‌మనేవాడు. సర్కారు పథకంలో ఎక్కడి నుంచో లారీలో దిగిన గొర్లకు కూడా ఒక్క వానకారులో ఆ రెండూ నేర్పాడు. ఆయన పోయాక భార్య జానమ్మ ఎంత ప్రయత్నించినా గొర్లు తలెత్తలేదు.

“మొగోల్ల కూత. నా నోట్ల పలుకదు,” అని ఆమె కట్టె పట్టుకుంది.

ఒక సాయంత్రం నాగరాణి ఊరికే బుర్ర్‌మని చూసింది. మంద మొత్తం ఒక్క పెట్టున కుడికి తిరిగింది. జానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి నిలబడింది. అప్పటి నుంచి పొద్దంతా మేపడం తల్లిది, పొద్దుగూకే వేళ దొడ్డికి తిప్పడం బిడ్డది. వెంచర్‌కు ఎడమ పక్క హైవే, కుడి పక్క దొడ్డి. ఆ పిలుపు ఒక్కటి తప్పితే మంద లారీల కింద ఉంటుంది.

మొదట కనిపెట్టింది వీరేశం సార్. బడిలో పీఈటీ, సాయంత్రాలు బండి మీద వచ్చి ఆమెకు బంతులు వేయించేవాడు. ఆ రోజు అంపైర్ లాగా వికెట్ల వెనక నిలబడ్డవాడు ఉన్నట్టుండి చెయ్యెత్తాడు.

“నాగరాణీ, జర ఆగు. అటు సూడు. గొర్ల దిక్కు.”

“ఏమైంది సార్?”

“ఇంకోటి ఎయ్యి. లెగ్ బ్రేక్.”

వేసింది. హద్దురాళ్ల అవతల మేస్తున్న గొర్లన్నీ తలలెత్తి ఎడమకు తిరిగాయి. బంతి ఆ తర్వాత నేల మీద పడి ఎడమకు తిరిగింది. చేయి అదే తీరున తిప్పి, కుడికి తిరిగే గూగ్లీ వేసింది. తలలన్నీ కుడికి. బంతి ఇంకా గాలిలోనే ఉంది.

వీరేశం సార్ నవ్వాడు. “బ్యాట్లిచ్చి నిలబెడ్తే సెంచరీలు కొడ్తయే గీ గొర్లు!” నవ్వినవాడు మెల్లగా ముంజేతులు రుద్దుకున్నాడు.

“మణికట్టు కనబడుతుందేమో సార్,” అంది నాగరాణి. మర్నాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చింది. గొర్లు మళ్లీ అట్లాగే తిరిగాయి. చెయ్యి కనబడకుండా వాటి వెనక నుంచి వేసినా తిరిగాయి.

ఆ సంగతి తేల్చింది ఆలేరు నుంచి వచ్చిన పుష్ప. సెలక్షన్లకు ముందు నల్లగొండలో ఒక ప్రాక్టీసు మ్యాచి జరిగింది. నాగరాణి బంతి తక్కిన వాళ్లకెవరికీ అంతుపట్టలేదు. పుష్ప మాత్రం లెగ్ బ్రేక్‌ను వెనక్కి జరిగి, గూగ్లీని ముందుకు దూకి, తన చేతులతో తానే విసిరినంత తేలికగా బాదింది. నీళ్ల విరామంలో దగ్గరికొచ్చి అడిగింది.

“ఏం పిల్లా, మీరు గొర్లోల్లా?”

“ఆఁ. అయితే?”

“మా మామ గూడ మందను గిట్లనే పిలుస్తడు. టక్ అంటే ఎడమకు, బుర్ర్ అంటే కుడికి. నువ్వు చెప్పి మరీ ఏస్తున్నవ్, నేను కొడుతున్న. నాదేం తప్పు?”

“నేనెప్పుడన్న? నేను నోరే తెరువలే!”

“తెరువలేదా? మరి ఎవలన్నరు, మీ తాతనా?” పుష్ప పగలబడి నవ్వి, ఎవరో తీసిన వీడియో ఫోన్లో పెట్టి ఆమె చెవి దగ్గర ఉంచింది.

చేయి పైకి లేచింది, బంతి వదిలింది. ఆ వదిలే క్షణంలో, అవును, టక్. తర్వాతి బంతికి బుర్ర్. కానీ ఆ గొంతు నాగరాణిది కాదు. బరువుగా, బొంగురుగా, చుట్ట తాగే మనిషి గొంతు లాగా ఉంది. ఫోన్ మైకులో ఎవరి గొంతైనా గరుకుగానే వినిపిస్తుంది, గాలి తగిలితే మరీను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసీ ఆ వీడియో రెండోసారి చూడలేదు.

ఆ తర్వాత ఆమె నోరు మూసుకోవడం మొదలుపెట్టింది. చూయింగ్ గమ్ నమిలింది. దస్తీ పళ్ల మధ్య బిగించింది. పిలుపు ఆగింది, దాంతోపాటు బంతి తిరగడమూ ఆగింది. కర్రలా నేరుగా పోయింది.

“నోరు మూస్తే నీ మణికట్టు గూడ మూసుకుంటాంది,” అన్నాడు వీరేశం సార్. బంతి ఏరి తెచ్చి ఆమె చేతిలో పెట్టి, “అయితే ఒక పని చెయ్. అబద్ధం చెప్పు. టక్ అని గూగ్లీ ఎయ్. బుర్ర్ అని లెగ్ బ్రేక్ ఎయ్. ఇనేటోల్లు ఇననీ,” అన్నాడు.

ఆటలో ఇది మోసం కాదు, విద్య. స్పిన్ బౌలర్ చేసే పనే అది, ఒకటి చూపించి ఇంకొకటి వేయడం. నాగరాణి కూడా తనకు తాను అదే చెప్పుకుంది. తెలియకుండా వచ్చే కూతను తెలిసి తిప్పడానికి చాలా రోజులు పట్టింది. నాలుక ఒక పక్కకు లాగితే మణికట్టు ఇంకో పక్కకు తిరగాలి. సాయంత్రం తర్వాత సాయంత్రం ఆ ఖాళీ ప్లాట్ల మధ్య అదే పని. మొదట్లో గొర్లు పిలుపును బట్టి తిరిగి, బంతి ఎటు పోయిందో చూసి, మళ్లీ ఆమె ముఖంలోకి చూసేవి. తర్వాత చూడడం మానేశాయి. తలలు దించి మేస్తూనే ఉండేవి. చెవులు మాత్రం కదిలేవి.

జానమ్మకు తేడా తెలిసింది.

“రాణీ, నీ కూతకు మంద జర ఆగి తిరుగుతాంది. ఏం చేస్తున్నవ్?”

“ఏం లేదమ్మా. ప్రాక్టీసు.”

“గొర్లకు అబద్ధం చెప్తున్నవా?”

“గొర్లకు కాదు, బ్యాటింగ్ చేసేటోల్లకు.”

“ఇనేటియి గొర్లే గద బిడ్డా.”

“అయితే కొన్ని దినాలు మందను ఇంకో దిక్కు తోలుకపో.”

“యాడికి తోలుకపోవాలె? పత్తి చేన్లల్ల అడుగు పెట్టనియ్యరు. ఉన్న గడ్డి గీడనే ఉంది.” జానమ్మ కట్టెను నేలకు ఆనించి, చివరి స్తంభం వైపు చూసింది. “మీ బాపు ఒక్కనాడు గూడ ఉత్తగ కూతెయ్యలే. ఇంట్ల ఆయనది మిగిలింది గా కూత ఒక్కటే. గది గూడ ఖరాబు చేస్తవా?”

శిబిరానికి పోతే మందను తిప్పేదెవరని తల్లి అడగలేదు, నాగరాణి ఆ మాట ఎత్తలేదు. మర్నాడు సాయంత్రం మళ్లీ బంతి పట్టుకుంది.

సెలక్షన్ మ్యాచిలో పుష్ప బ్యాటింగుకు వచ్చింది. క్రీజులో నిలబడి కన్ను గీటింది. నాగరాణి పరుగెత్తి వచ్చి చేయి తిప్పింది. టక్. పుష్ప నవ్వుతూ లెగ్ బ్రేక్ కోసం బ్యాటును పక్కకు చాచింది. బంతి కుడికి తిరిగి బ్యాటుకూ కాలికీ మధ్య నుంచి దూరి స్టంపును పడేసింది.

“అన్నాయం పిల్లా!” పుష్ప బ్యాటు చంకలో పెట్టుకుని అరిచింది. “మందను గూడ గిట్లనే మోసం చేస్తవా?”

అందరూ నవ్వారు, నాగరాణి కూడా నవ్వింది. ఎంపికైన వాళ్లలో ఆమె పేరు చదివినప్పుడు వీరేశం సార్ ఈల వేశాడు.

నార్కట్‌పల్లి మీదుగా బస్సులో వచ్చి కమాను దగ్గర దిగేసరికి ఇంకా పొద్దుంది. మంద వెంచర్ నడుమ ఉంది. జానమ్మ కట్టె ఊపుతూ అలసిపోయి కనిపించింది.

“వచ్చినవా? జల్ది పిలువు బిడ్డా, మధ్యాన్నం సంది రోడ్డు దిక్కే గుంజుతున్నయి!”

శిబిరం సంగతి తర్వాత చెప్పవచ్చనుకుని నాగరాణి మంద వెనక్కి నడిచి బుర్ర్‌మంది. మనసారా, నిజంగా, దొడ్డి వైపు.

మంద ఎడమకు తిరిగింది, హైవే వైపు.

ఆమె ఇంకా గట్టిగా బుర్ర్‌మంది. అవి నడక పెంచాయి. దుమ్ము లేచింది. జానమ్మ కేక వేస్తోంది. అప్పుడు అర్థమైంది నాగరాణికి. పుష్ప ఒక్క బంతికి మోసపోయింది. గొర్లు రోజూ విన్నాయి, రోజూ చూశాయి, నేర్చుకున్నాయి. ఆమె నోటి నుంచి ఏది వస్తే దానికి తిరగేసింది నిజం.

టక్‌మంది. మంద ఆగి, ఒక్క కదలికలో కుడికి తిరిగి దొడ్డి దారి పట్టింది.

ఒక్క బొల్లి తప్ప. బొల్లి మందలో అందరికంటే ముసలిది. తల్లి చచ్చిపోతే గుర్వయ్య సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె. ఇందాక బుర్ర్‌మన్నప్పుడు అదొక్కటే కుడికి తిరిగింది. ఇప్పుడు టక్‌మనగానే ఎడమకు తిరిగి, ఒంటరిగా, తాపీగా రోడ్డు వైపు నడుస్తోంది. దానికి పాత పిలుపే తెలుసు.

నాగరాణి పెదవుల దాకా వచ్చిన బుర్ర్‌ను ఆపుకుంది. ఆ కూత వేస్తే బొల్లి ఆగుతుంది, మంద రోడ్డెక్కుతుంది. కూత బయటపడకుండా అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని పరుగెత్తింది. దూరం చాలా ఉంది. బొల్లి కంకర దాటి తారు అంచున కాలు పెట్టింది.

అక్కడే ఆగింది. ఒక చెవి పైకి లేచింది. తల కుడికి, చివరి స్తంభం వైపు తిరిగింది. తర్వాత ఒళ్లంతా తిప్పుకుని, పిలిచిన మనిషి దగ్గరికి పోతున్నట్టు ఆ స్తంభం పక్క నుంచి దొడ్డి దారిలోకి నడిచింది. లారీ హారన్‌కు బెదిరింది అనుకోవచ్చు. ఆ క్షణాన రోడ్డు మీద లారీ లేదు. మిగతా మంద తల కూడా ఎత్తలేదు.

వెనక నుంచి జానమ్మ రొప్పుతూ వస్తోంది. ఆమె గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

“ఆఁ... గిప్పుడు సక్కగ పిలిచినవ్ బిడ్డా. అచ్చం మీ బాపే.”

నాగరాణి అరచెయ్యి ఇంకా నోటి మీదనే ఉంది. తల్లి దగ్గరికి రాకముందే దాన్ని దించేసింది.

“ఆఁ, అమ్మా,” అంది.