ఆటోలో వెళ్లిన పంకా

మొన్న ఉస్మాన్‌గంజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ముందున్న వ్యాన్‌లోంచి కాలిన రబ్బరు వాసన వచ్చింది. పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం చెంపలు వేడెక్కాయి. ఇన్నేళ్లయినా ఆ వాసన తగిలితే నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే నసీం ఆపా గుర్తొస్తుంది.

తొంభైల చివర్లో తెనాలి నుంచి వచ్చి, పాతబస్తీలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. నసీం ఆపా అక్కడ నాకు సీనియర్; ఆపా అంటే ఉర్దూలో అక్క. వాళ్లది కిషన్‌బాగ్‌లో తరతరాలుగా ఉంటున్న కుటుంబం. కాలేజీ వెనక రేకుల షెడ్డులో విద్యార్థులతో కలిసి, ఒక్కరు కూర్చునే చిన్న విమానం కడుతోంది. దాని ఇంజన్ ప్రమాదంలో నుజ్జయిన ఒక పాత కారుది. కారు ఇంజన్ జోరుగా తిరిగితేనే బలమిస్తుంది. విమానం ముందుండే పంకా అంత జోరుగా తిరిగితే, విమానాన్ని ముందుకు లాగే బలం తగ్గిపోతుంది. అందుకని రెండింటి మధ్య చిన్న చక్రం, పెద్ద చక్రం పెట్టి, రబ్బరు బెల్టుతో వేగం తగ్గించింది. చెక్క పంకాను గౌలిపురలో ఒక వడ్రంగి దగ్గర కూర్చుని చెక్కించుకుంది. అంతా కుదిరింది గానీ, పూర్తి జోరు మీద నడిపితే బెల్టు కాలుతోంది.

"కారు పూర్తి జోరు మీద ఎంతసేపు నడుస్తది విజయా? ముందున్న లారీని దాటేటంతసేపు. విమానం గట్ల కాదు, పైకి లేచేదాంక గుంజుతనే ఉండాలె," అంది ఆపా.

"కొత్త బెల్టు వేస్తే?"

"అదీ గిట్లనే కాలుతది. ఎందుకు కాలుతదో తెలిసేదాంక ఇది నేల మీదనే ఉంటది."

కాలేజీ కరస్పాండెంట్‌కి అంత ఓపిక లేదు. వార్షికోత్సవానికి పెద్ద అతిథి వస్తున్నాడు. మైదానంలో విమానం లేవాలన్నాడు.

"నాలుగడుగులు లేస్తే చాలు మేడమ్. ఫొటో వస్తుంది."

"లేచినంక బెల్టు తెగితే సార్? ఎదురుంగ గోడ ఉన్నది. లోపట పిలగాడు ఉంటడు."

పిలగాడంటే సురేష్, ఫైనలియర్ విద్యార్థి. బక్కగా ఉంటాడని వాణ్ణి ఎంచారు. కరస్పాండెంట్ నవ్వాడు. "ఆడవాళ్లకు భయాలెక్కువ. మీరు పక్కన నిలబడండి చాలు." నేనూ వద్దన్నాను. నన్ను వెళ్లి టీల సంగతి చూడమన్నాడు. మిగతా సీనియర్లు కుర్చీలు సర్దించే పనిలో పడ్డారు.

వార్షికోత్సవం రోజు పొద్దున్నే షెడ్డుకు వెళ్లేసరికి ఆపా పంకా విప్పేసి, గేటు దగ్గర ఆటో ఆపి ఉంచింది.

"ఏంటిది ఆపా?"

"నేను చెక్కించిన, నేను తీస్కపోతున్న. ఆ కొస పట్టుకో."

పంకా ఆటోకి రెండువైపులా బయటికి పొడుచుకొచ్చింది. "ఎవరింట్ల బిగిస్తరు ఆపా, ఇంత పంకా?" అని డ్రైవర్ నవ్వాడు. ఆపా నవ్వలేదు. దారి పొడుగునా పంకాను రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

అతిథి పంకా లేని విమానాన్ని చూసి వెళ్లిపోయాడు. కాలేజీ వాళ్లు ఆపా మీద దొంగతనం కేసు పెట్టారు. పదేళ్లకు పైగా పాఠం చెప్పిన మనిషిని పోలీస్ స్టేషన్‌లో మధ్యాహ్నమంతా నిలబెట్టారు. కూర్చోమన్న మనిషి లేడు. ఉద్యోగం పోయింది.

తర్వాత వాళ్లే మరో పంకా చేయించి, విమానాన్ని గుంజకు కట్టి నడిపి చూశారు. సీట్లో సురేష్. ఇంజన్ పూర్తి జోరు అందుకున్న కాసేపటికే బెల్టు తెగి, రెక్కకు తొడిగిన గుడ్డను చీల్చుకుంటూ పోయింది. వాడు నేల మీదున్నాడు కాబట్టి లేచి నడిచొచ్చాడు. అదే మైదానంలో, గాల్లో ఉండగా తెగి ఉంటే? ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. బెల్టు నాసిరకం అన్నారు. ఆపాకి క్షమాపణ లేదు, పిలుపూ లేదు. మరుసటి ఏడాది కాలేజీ పుస్తకం అట్ట మీద ఆ విమానం ఫొటో వేసుకున్నారు. అందులో విమానం పక్కన నిలబడ్డ ఆపాని మణికట్టు దాకా కత్తిరించారు. రెక్క మీద ఆమె చెయ్యి మాత్రం మిగిలింది.

కొన్నేళ్లకు కిషన్‌బాగ్ వెళ్లాను. ఇంటి ముందు వరండాలో ఆడపిల్లలకు మోటార్ల రిపేరు నేర్పుతోంది.

"ఇంకా కోపముందా ఆపా?" అన్నాను.

"మస్తుంది. ఎందుకు పోవాలె?" స్పానర్ కింద పెట్టి నా వైపు తిరిగింది. "సురేష్‌కు బిడ్డ పుట్టింది, ఎరుకేనా? మొన్న తీస్కొచ్చి చూపించిండు. ఆ రోజు నాకు కోపం రాకుంటే ఆ పిల్ల యాడుండేది?"

ఇప్పుడు నేను లిఫ్టులు పరీక్షించే పనిలో ఉన్నాను. ప్రారంభోత్సవం రేపే, సంతకం పెట్టేయమని తొందరపెట్టేవాళ్లకు కొదవ లేదు. కాదంటే, "కాస్త మెల్లగా మాట్లాడండి మేడమ్, అందరూ వింటున్నారు," అంటారు. వినాలనే గొంతు పెంచుతాను.