గోడ మంజూరైన మూడో ఏడు

మా సూపరింటెండెంటు గారు పోయారని కాకినాడ నుంచి నా పాత కొలీగు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. నాకు ఏడుపు రాలేదు. అంతగా అలిసిపోయిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. ఇప్పటికి విశ్రాంతి దొరికిందిలే అనిపించింది.

తొంభైల్లో, హాస్టళ్ళ వ్యవహారాలు చూసే ప్రభుత్వాఫీసులో నేను టైపిస్టుని. ఆయన మా సెక్షన్‌కి పెద్ద. చిరాకు మనిషి. కాగితాలు ఎగురుతాయని మే నెలలో కూడా ఫ్యాను ఆపించేవారు. నేను కొట్టిన లెటర్లో ‘ఇన్‌మేట్స్’ అని కనబడితే చాలు, గీత పెట్టి ‘చిల్డ్రన్’ అని రాసి మళ్ళీ కొట్టించేవారు. “అది జైలు కాదమ్మా, పిల్లలుండే చోటు” అనేవారు. పని ఎలా చెయ్యాలో నేను నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఒకసారి రామచంద్రపురం దగ్గరి ఆడపిల్లల హాస్టలు నుంచి నోటుపుస్తకం కాగితం మీద ఉత్తరం వచ్చింది. ఏడో తరగతి పిల్ల రాసింది. హాస్టలుకి ప్రహరీ లేదు, కుళాయి దగ్గర స్నానం చేస్తుంటే రోడ్డు మీద జనం నిలబడి చూస్తున్నారు, ఒకరు స్నానం చేస్తుంటే ఇద్దరం దుప్పటి అడ్డం పట్టుకుంటున్నాం, దయచేసి గోడ కట్టించండి అని. ఆయన చదివి, ‘నిధులు లేనందున వచ్చే సంవత్సరం పరిశీలించవచ్చు’ అని రాశారు. అందరూ రాసేదే. టైపు కొట్టింది నేనే.

మరుసటి ఏడు ఆయనే గుర్తుపెట్టుకుని ఆ ఫైలు బయటికి తీశారు. అది అంచనా వెయ్యడానికి ఇంజనీర్ల దగ్గరికి వెళ్ళి, కొర్రీలతో తిరిగొచ్చింది. ఇంతలో మార్చి నెలాఖరు. గోడకని అనుకున్న డబ్బు వేరే పనికి మళ్ళించారు. ఆ రోజు ఆయన ఆఫీసరు గదిలోంచి వచ్చి నా బల్ల పక్కన కూలబడ్డారు.

“పిల్లలు ఆఫీసుకొచ్చి గొడవ చెయ్యరు కదమ్మా. అందుకే కోత ఎప్పుడూ వాళ్ళ దగ్గరే మొదలవుతుంది.”

“మనమేం చేస్తామండీ?”

“వాళ్ళ డబ్బు ఏడాది మొదట్లోనే తీసి పక్కన పెట్టాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. మిగిలితే ఇస్తాం అంటే ఎప్పటికి మిగులుతుంది?”

ఆ మాటే నోటుగా రాసి పైకి పంపారు. ‘చూశాను’ అని సంతకంతో తిరిగొచ్చింది. రిటైరయ్యేదాకా ఏటా అదే నోటు పంపారు, ఏటా అదే జవాబు. గోడ ఫైలు కోసం మాత్రం ప్రతి సోమవారం ఇంజనీర్ల ఆఫీసుకి నడిచి వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చునేవారు. క్యారేజీ కూడా అక్కడే విప్పేవారట. మూడో ఏడు మంజూరైంది.

కట్టడం అయ్యాక చూడ్డానికి నన్నూ రమ్మన్నారు. గోడకి వేసిన సున్నం ఇంకా ఆరలేదు. దాని వెంబడి చుట్టూ ఒకసారి నడిచొచ్చి, ఉత్తరం రాసిన పిల్లని పిలవమన్నారు.

వార్డెన్ గారు తలొంచుకున్నారు. “ఆ పిల్ల నిరుడే మానేసిందండి. నలుగురూ చూస్తున్నారని వాళ్ళ నాన్న తీసుకుపోయి పెళ్ళి చేసేశాడు. పక్కూరే.”

ఇక బస్సెక్కుతాం అనుకున్నాను. ఆయన పక్కూరికి ఆటో మాట్లాడారు. దారిలో ఒక్కసారే నోరు విప్పారు. “ఫైలు ఆలస్యమైతే మళ్ళీ కదుపుకోవచ్చు. ఆ పిల్లకి పన్నెండో ఏడు మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తామమ్మా?”

ఆ పిల్ల అంట్లు తోముతున్న చేతులతోనే బయటికొచ్చింది. వెనక గుమ్మంలో అత్తగారు నిలబడింది.

“అమ్మా, నీ ఉత్తరం వచ్చింది మా ఆఫీసుకే. వచ్చే ఏడు చూద్దామని రాసింది నేనే. తప్పయిపోయింది” అన్నారాయన.

ఆ పిల్ల అత్తగారి వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. “గోడ కట్టారాండీ?”

“కట్టారమ్మా.”

“ఎంతెత్తండీ?”

ఎన్ని అడుగులో ఆయనకి కంఠతా వచ్చు. అయినా కుడిచెయ్యి తలమీదికి ఎత్తి, ఇంకా పైకి చాచి, మునివేళ్ళ మీద లేచి చూపించారు. ఆ పిల్ల తలెత్తి ఆయన వేళ్ళ చివరిదాకా చూసింది.