గేటు దాటని గడియారం

2024 వానాకాలం. గడ్డపోతారంలో నా మొబైల్ దుకాణం ముందే మందుల కంపెనీల బస్సులు ఆగుతాయి. షిఫ్ట్ దిగినవాళ్లు రీచార్జికో, పగిలిన స్క్రీన్ మార్పించుకోవడానికో లోపలికి వస్తారు. ఆ ఏడు మొదట్లో మోజుపడి ఒక సెల్యులర్ వాచీ తెచ్చి అద్దాల అరలో పెట్టాను. మామూలు స్మార్ట్‌వాచీ ఫోన్‌కు కాస్త దూరమైతే చాలు, కాల్ అందుకోలేదు. సెల్యులర్ వాచీలో ఈసిమ్ ఉంటుంది, అంటే ప్లాస్టిక్ ముక్క లేని సిమ్. మన ఫోన్ నంబరే వాచీలోకీ ఎక్కుతుంది. ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లినా కాల్ చేతి మీదికే వస్తుంది. ధర మాత్రం ముప్పై వేల పైమాటే.

ఎనిమిది నెలలైనా ఆ వాచీ అమ్ముడుపోలేదు. దాని మీద నేను అల్లిన కథలు మాత్రం జిన్నారం దాకా పోయాయి. జోగిపేట అవతల ఒకాయన బావిలో పడితే ఈ వాచీయే ఊళ్లోకి ఫోన్ చేసిందనీ, తాడు ఎన్ని గజాలు కావాలో కూడా చెప్పిందనీ చెప్పేవాణ్ణి. ఏ ఊరని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో ఊరు చెప్పాను.

ఒక మధ్యాహ్నం కిష్టయ్య వచ్చాడు. అతనికి ఊళ్లో రెండెకరాల పొలం ఉంది, ఇక్కడ కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్. రియాక్టర్ అంటే మందు తయారయ్యే పెద్ద పాత్ర. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, గా బావిల వడ్డాయన వాచీ సూపియ్యి."

"ఎవలకు తమ్మీ?"

"నాకే. ఫోన్ గేటుకాడ లాకర్ల వెట్టి పోవాలె, ఎనిమిది గంటలు లోపల్నే. మా ఇంటామె స్వరూపకు ఎనిమిదో నెల, బీపీ ఉన్నది. తలనొప్పి లేసినా, కండ్లు మసకైనా జల్దీ తోల్కరమ్మన్నది డాక్టరమ్మ. పోయిన నెల కండ్లు తిరిగి పడ్డది. పదిహేడుసార్లు ఫోన్ చేసింది. షిఫ్ట్ దిగినంక సూసుకున్న."

వాచీ తీసి అతని చేతికి పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"కిస్తీల మీద తీసుకుంట. పైసలు దండుగ కాదు గద?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఏదో అనుమానం తొలిచింది.

"లోపలికి వాచీ పోనిస్తరా?"

"బోర్డు మీద సెల్‌ఫోన్ తేవద్దనే ఉన్నది. వాచీ మాట లేదు. మా సూపర్‌వైజర్ వెట్టుకుంటడు."

"ఆయనది ముల్లు గడియారం గద."

"గడియారం గడియారమేనే అన్నా."

రేపు రమ్మని పంపాను. ఆ సాయంత్రమంతా దుకాణంలో కుదురుగా నిలబడలేకపోయాను. అమ్మితే ఎనిమిది నెలల పీడ వదులుతుంది. అది లోపల పనికిరాకపోతే అతను రెండేళ్లు కిస్తీలు కడుతూ నన్ను తిడతాడు. చివరికి నా బుర్రకు తగ్గ ఉపాయమే తోచింది. మరునాడు పొద్దున డ్యూటీకి పోతున్నవాణ్ణి ఆపి, ఈసిమ్ ఎక్కించకుండా ఉత్త వాచీ చేతికి తొడిగాను.

"అడిగితె వద్దంటరు. అడగకుంట పో. గేటు దాటితెనే కొను."

గంటలోపే తిరిగివచ్చాడు. వాచీ విప్పి నా ముందు పెట్టాడు.

"నా కొలువు తీస్తుంటివి గదనే."

"ఏమైంది?"

"గేటుకాడనే సేఫ్టీ ఆఫీసర్ పట్టుకున్నడు. లోపల నిప్పంటుకునే సాల్వెంట్ ఆవిరుంటది, బ్యాటరీల రవ్వంత నిప్పు లేసినా బ్లాకే లేసిపోతదన్నడు. సెల్‌ఫోన్ ఎందుకొద్దో వాచీ గందుకే వద్దట. పదేండ్ల సంది చేస్తున్నవు, నీకు తెల్వదా అని అందరి ముందట అడిగి ఇంటికి తోలిండు."

"నిజంగ తెల్వదా?"

"తెలుసు. ఆమె పరేషాన్ల యాదికే రాలె." అప్పుడు కూర్చున్నాడు. "ఇగ నన్నెట్ల పిలుస్తదే?"

అతని పరువు, ఒక రోజు కూలి పోగొట్టినవాణ్ణి. ఏదో ఒకటి అనాలి.

"స్వరూపకు నా నంబరియ్యి. మీ గేటు ఐదు నిమిషాల తొవ్వ. బండి మీద వొయ్యి పిలుస్త."

అనడం తేలిక. ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను మనిషిని కాను. ఫోన్ మోగితే ఉలికిపాటు, మోగకపోతే సిగ్నల్ ఉందా అని చూసుకోవడం. అన్నం తింటూ ఎడమ చేత్తో ఫోన్ పట్టుకునేవాణ్ణి. లోన్ కావాలా సార్ అని హైదరాబాదు నుంచి ఒకమ్మాయి చేస్తే, ఆ పిల్లను తిట్టిన తిట్లకు ఇప్పటికీ సిగ్గుపడతాను. దూరమైన గిరాకీ వస్తే దుకాణం వదిలి వెళ్లలేదు. ఎనిమిది గంటలు లోపల చిక్కుకుపోవడం అంటే ఏమిటో బయట కూర్చునే తెలిసింది.

పదో రోజు పదకొండింటికి స్వరూప ఫోన్ చేసింది.

"అన్నా, తల పగులుతున్నది. కండ్లు మసక మసకయితున్నయ్."

ముందు అంబులెన్స్‌కు ఫోన్ చేసి, కిష్టయ్య చెప్పి ఉంచిన ఇంటి గుర్తులు చెప్పాను. షట్టర్ సగం దించి బండి తీశాను. గేటు దగ్గర సెక్యూరిటీ యాదగిరి ఉన్నాడు. నా కథలన్నీ వినివిని ఆరితేరినవాడు.

"కిష్టయ్యను పిలువు. ఇంటామెకు బాగలేదు."

"బావిల వడ్డదా?" అని నవ్వాడు.

"ఒట్టు యాదగిరీ."

"పవర్‌బ్యాంకుతోని బోరు నడిసిందని గూడ ఒట్టే వెట్టినవు గద అన్నా."

స్వరూపకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, కిటికీలోంచి అతనికి అందించాను.

"అన్నా, ఆయన వస్తుండా? ఎదురుంగ తలుపు గూడ సక్కగ అగుపిస్తలేదు."

యాదగిరి నవ్వు ఆగిపోయింది. ఇంటర్‌కమ్ ఎత్తాడు.

కిష్టయ్య చేతిలో పని ఇంకొకరికి అప్పజెప్పి, బట్టలు మార్చుకుని రావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. అంతసేపూ నేను గేటు ముందు పచార్లు చేస్తూ, గోడ మీద ఏది కనిపిస్తే అది చదివాను. సెల్‌ఫోన్ బోర్డు పక్కనే ఇంకొకటి ఉంది. లోడు తెచ్చిన ట్యాంకర్ డ్రైవర్లు ఫలానా నంబరుకు ఫోన్ చేయవలెను అని.

"ఈ నంబరు ఎవలెత్తుతరు?"

"నేనే," అన్నాడు యాదగిరి, బల్ల మీది ఫోన్ చూపించి. "ఎప్పుడూ ఎవలో ఒకలం ఉంటం."

"పనోళ్ల ఇండ్లకెల్లి చేస్తె?"

"చేస్తె ఎత్తనా? ఎవలు చెయ్యరు."

కిష్టయ్యను బండి మీద సంగారెడ్డి ఆసుపత్రికి చేర్చేసరికి అంబులెన్స్ అప్పటికే వచ్చి ఉంది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. నెల ముందు వచ్చింది కాబట్టి కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచారు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వచ్చారు.

ఆ వాచీ తర్వాత అమ్ముడుపోయింది. ఫోన్ ఇంట్లో పెట్టి తెల్లవారి నడకకు పోయే టీచరమ్మ కొన్నది. ఆమెకు అది పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువే. ఇప్పుడు ఎవరు అడిగినా డబ్బా తెరవకముందే, పగలంతా ఆ చెయ్యి ఎక్కడ తిరుగుతుందో అడుగుతాను. ఫోన్ వద్దన్న చోటికైతే, ముందు అక్కడి మనిషిని మొహం మీదే అడిగి రమ్మంటాను, నాలాగా దొంగదారి చెప్పకుండా.

కిష్టయ్య ఆ గోడ పక్కనుంచి పదేళ్లు రోజుకు రెండుసార్లు నడిచాడు. ఒక బోర్డు మీద వాచీ వద్దన్న మాట లేదని అతను పట్టుకున్నాడు, దాన్నే నమ్మి నేను పంపాను. స్వరూప నేరుగా ఫోన్ చేయగల నంబరు పక్క బోర్డు మీదే ఉంది. ట్యాంకర్లది కదా అని అతను వదిలేశాడు, నేను ఆ రోజుదాకా దాన్ని చూడనే లేదు.