సేటు కూతురి తూకం

ఆ ఏడాది నాకు ఎండాకాలం సెలవులు దక్కలేదు. పాతబస్తీ బడుల్లో సైన్సు చెప్పే టీచర్లు కొందరు శిక్షణకు రావాలని పైనుంచి కాగితం వచ్చింది. డెబ్బైల నడిమి కాలం అది. ఏవో కొన్ని దేశాలు కలిసి మొదలుపెట్టిన కొత్త చదువట, మన దగ్గర అక్కడక్కడ కొన్ని బడులను ఎంచుకున్నారట, అందులో హుస్సేనీ ఆలంలోని మా ఆడపిల్లల బడి కూడా ఉందట. ఎవరు ఎంచుకున్నారో, మాలో ఏం చూసి ఎంచుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఉక్కపోతలో రోజుల తరబడి కూర్చోబెట్టి మాకు చెప్పింది ఒక్కటే మాట. పిల్లలకు జవాబు చెప్పకండి, ప్రశ్న ఇచ్చి పక్కకు తప్పుకోండి, వాళ్లే చేసి, చూసి, తెలుసుకుంటారు. వినడానికి బాగానే ఉంది. మా ఏడో తరగతిలో అరవై మంది. కిరాయికి తీసుకున్న పాత దేవిడీలో, అంటే నవాబుల నాటి పెద్ద మేడలో, ఒకప్పుడు వంట సామాను పెట్టుకున్న గది మాది. బల్లల మధ్య నుంచి నడవాలంటే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవాలి. పక్కకు తప్పుకోమంటే ఆ గదిలో పక్క ఎక్కడుంది?

బడి తెరిచాక ఒక పెద్ద చెక్కపెట్టె వచ్చింది. అందులో భూతద్దాలు, అయస్కాంతాలు, గాజు గొట్టాలు, థర్మామీటర్లు, ఒక తక్కెడ, మెరిసిపోయే ఇత్తడి తూకపు రాళ్లు ఉన్నాయి. మా పెద్ద టీచరమ్మ అన్నిటినీ ఒకసారి కళ్లారా చూసుకుని, మళ్లీ గడ్డిలో చుట్టి, అల్మారాలో పెట్టి తాళం వేసింది.

"పగిలితే నా జీతంల కోస్తరు. పంపినోళ్లు చూడనీకి వచ్చిన్నాడు బయటికి తీద్దాం," అంది.

ఆమె చెడ్డ మనిషి కాదు. అంతకు ముందు ఒక గ్లోబు విరిగితే నిజంగానే ఆమె జీతంలో కోశారు. నేను రోజూ అడిగి, బతిమాలి, చివరికి పోట్లాడి తక్కెడ, దాని ఇత్తడి రాళ్లు మాత్రం సంపాదించాను. ఇనుమూ ఇత్తడీ కదా, పగలవని ఒప్పుకుంది.

అప్పటిదాకా నా పాఠాలు ఎలా సాగాయో చెబితే నవ్వుతారు. మొదటి రోజు చల్లటి నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, బయట ఈ తడి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాను. ఎవరూ నోరు విప్పలేదు. జవాబు చెప్పమని నన్నే అడిగారు. "మీరే కనుక్కోండి," అన్నాను, నేర్పినట్టే. అరవై మందీ తలలు వంచి నోట్సులో రాసుకున్నారు: జవాబు, మీరే కనుక్కోండి. మూడు నెలల పరీక్షలో అదే ప్రశ్న ఇస్తే సగం మంది ఆ జవాబే గుండ్రంగా, అక్షరం పొల్లుపోకుండా రాశారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓపిక లేక రెండూ చేయలేదు. ఫలక్‌నుమా పోయే సాయంత్రం బస్సులో నిలబడే కునుకు తీశాను.

ఆ అరవైలో ఒక సేటు కూతురు ఉండేది. మూడో బల్ల, కిటికీ పక్క. సన్నగా, నిదానంగా ఉండే పిల్ల. ఎవరైనా ఏదైనా చెబితే తలాడించేది కాదు, కళ్లు చిట్లించి చూసేది. వాళ్లది మా బడి మలుపులోనే కిరాణా దుకాణం. తాతల నాటి నుంచీ అక్కడే వ్యాపారం. వాళ్లింట్లో ఆడపిల్లలెవరూ ఏడో తరగతి దాటలేదు. అక్కను అయిదులోనే మాన్పించారు. ఈ పిల్ల మాత్రం ఎనిమిదికి పోతానని ఇంట్లో రెండు పూటలు అన్నం మానేసిందట. బడి దుకాణం గద్దె మీద నుంచి కనబడేంత దగ్గర కాబట్టి "సూద్దాం తియ్" అన్నాడట తండ్రి. ఆ "సూద్దాం" పట్టుకునే ఆ పిల్ల ఏడాదంతా బతికింది. నాకు రోజూ గుర్తు చేసేది, నేనేదో సంతకం పెడితే అయిపోయేట్టు.

తక్కెడ చేతికొచ్చాక ఇంటి నుంచి తూకానికి వాడేవి ఏవైనా తెమ్మన్నాను. ఎంత బరువు ఉన్నాయో వాళ్లే చూడాలి, అదీ పాఠం. ఒకతె కూరగాయల బండి మామ దగ్గర గులకరాయి తెచ్చింది. ఒకతె బియ్యం కొలిచే డబ్బా తెచ్చింది. సేటు కూతురు దుకాణం నుంచి అరకిలో ఇనుప రాయి తెచ్చింది. బాపును అడిగే తెచ్చానంది. ఆయన బేరంలో ఉండి, చూడకుండానే చెయ్యి ఊపి ఉంటాడు.

ఒక పళ్లెంలో ఇత్తడి రాళ్లు, ఇంకో పళ్లెంలో ఆ ఇనుప రాయి. ఇనుప రాయి ఉన్న పళ్లెం పైకి లేచింది. పిల్ల మళ్లీ పెట్టింది. మళ్లీ లేచింది. పళ్లాలు మార్చి చూసింది, ఎవరూ చెప్పకుండానే. నాకు ఎంత సంబరమైందో! ఆర్నెల్లుగా నేను ఎదురు చూసింది అదే. లెక్కలకని నేను బల్ల మీద పెట్టుకున్న చింతగింజలు తీసి, రాయి పక్కన ఒక్కొక్కటే వేస్తూ పోయింది. గుప్పెడు పడ్డాక గాని ముల్లు మధ్యకు రాలేదు. అప్పుడు తలెత్తి నా వైపు చూసి నవ్వింది. తెలుసుకున్న నవ్వు అది. ఆ నవ్వు పూర్తి కాకముందే వెనక బల్ల నుంచి ఒక గొంతు వినపడింది.

"అందుకే మా అమ్మ అంటది, సేటు చక్కెర తొందరగ అయిపోతదని!"

గది గొల్లుమంది. సేటు కూతురు రాయిని ఓణీలో చుట్టుకుని కూర్చుంది. పొద్దు గూకేసరికి ఆ మాట గల్లీ అంతా తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే సేటు వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడి, "టీచరమ్మా, మా పిల్ల పేరు కొట్టెయ్యున్రి," అన్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

పెద్ద టీచరమ్మ నెత్తి పట్టుకుంది. ఈ కొత్త చదువు నడిపే విదేశీ సంస్థ తరఫున ఒకామె గురువారం మా బడి చూడ్డానికి వస్తోంది. గల్లీలో లొల్లి అయిందని ఆమె చెవిన పడితే ఏం కాను? "నువ్వు వెట్టిన లొల్లి, నువ్వే సముదాయించు," అంది నాతో. నాకు మాత్రం ఆ వచ్చే మనిషి ఫికర్ ఏమీ లేదు. మూడో బల్లలో కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది, అంతే నాకు కనిపిస్తోంది.

ఆ సాయంత్రం బస్సు వదిలేసి దుకాణానికి వెళ్లాను. సేటు ఒక స్టూలు జరిపాడు. గద్దె కింద నుంచి ఆ అరకిలో రాయి తీసి బోర్లించి చూపించాడు. అడుగున గుంట ఉంది.

"ఇగో, ఇండ్ల సీసం ఉండాలె. దాని మీదనే సర్కారు ముద్ర గొడ్తరు. ఎప్పుడూడిందో నాకేమెర్క? పొద్దుగాల దుకాణం తెరిస్తే రాత్రి దాంక తరాజు వట్టుకునే ఉంట. రాయిని తిప్పి సూశే పుర్సత్ యాడిది?"

"మీరు కావాలని చేసిన్రని నేననుకోలే, సేటూ."

"మీరనుకోరమ్మా. గల్లీ అనుకుంటది. నిన్న ఒక ముసల్ది చక్కెర కొన్నది. 'ఇంక జెర ఎయ్యి సేటూ, నీ బిడ్డ చెప్పింది గద' అన్నది. దుకాణంల ఉన్నోళ్లంత నవ్విన్రు. మా నాయిన కూసున్న గద్దె ఇది."

"పిల్ల ఏం తప్పు చేసింది?"

"తప్పు చేసిందంటలేను. ఇంటి రాయి దెచ్చి నలుగుట్ల వెట్టుమని చెప్పే బడి మాకొద్దంటున్న."

ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముందో నాకు తట్టలేదు. లోపలి గది తెర వెనక పిల్ల పాదాలు కనబడుతున్నాయి. ఆ పాదాలు కదలకుండా వింటున్నాయి. నాకు ఆ క్షణంలో తోచింది చెప్పేశాను. సీసం పోయించి ముద్ర కొట్టించండి. దుకాణంలో ఉన్న చిన్న రాళ్లన్నీ బడికి పంపండి. ఏ పిల్లల ముందు పరువు పోయిందో ఆ పిల్లల ముందే తూస్తాం. నిన్న ఆ మాట ఇంటికి మోసిన నోళ్లే రేపు మళ్లీ మోస్తాయి.

సేటు బేరాల మీదికి తిరిగాడు. ఇద్దరికి పప్పు కట్టాడు, ఒకరికి నూనె పోశాడు.

"మంచిది. అన్ని రాళ్లు పంపుత. ఒక్కటి గుడ తక్కువ రావొద్దు. నా బిడ్డనే తూయాలె, నలుగురు సూడాలె. గట్లయితే ఎనిమిదికి పంపుత. ఒక్కటి తక్కువొచ్చిందా, మల్ల నా దుకాణం మెట్లెక్కకున్రి."

పెద్ద టీచరమ్మకు ఈ మాట చెబితే ఆమె రెండు పనులూ కలిపేసింది. గురువారమే ఆ పాఠం పెట్టమంది. ఏడాదంతా పిల్లలు నోరు విప్పింది ఆ ఒక్క పాఠంలోనే కదా, వచ్చే ఆమెకు కావాల్సింది కూడా అదే కదా అంది. వద్దని వాదించే శక్తి నాలో మిగల్లేదు.

గురువారం అల్మారా తాళం తీశారు. భూతద్దాలు, గాజు గొట్టాలు అన్నీ బల్ల మీద పరిచారు. పిల్లలు వాటిని మొదటిసారి చూస్తున్నట్టు కనబడకూడదని ముందే గట్టిగా చెప్పారు. వచ్చినామె పెద్ద వయసు మనిషి, నెరిసిన జుట్టు, వదులు గౌను, చెమటతో ఎర్రబడ్డ మొహం. పక్కన ఆఫీసరు ఒకాయన ఆమె మాట మాకూ, మా మాట ఆమెకూ చెబుతున్నాడు. సేటు వరండాలో స్తంభం దగ్గర నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

పిల్ల చీకటితోనే తలస్నానం చేసినట్టుంది, జడలు ఇంకా తడిగానే ఉన్నాయి. అరకిలో రాయి పెట్టింది. అడుగున కొత్త సీసం తెల్లగా మెరిసింది. ముల్లు మధ్యకొచ్చి నిలిచింది. "సరిగ్గుంది!" అని అరిచింది క్లాసు. యాభై గ్రాములది సరిగ్గుంది. నూరు గ్రాములదీ సరిగ్గుంది. సేటు భుజం మీది కండువాతో మెడ తుడుచుకున్నాడు.

చివరిది రెండు వందల గ్రాములది. అన్నిటికంటే పాతది, అంచులు నున్నగా అరిగిపోయింది. నేను తక్కెడ కాడ పట్టుకుని ఆ పిల్లకు ఎడమ పక్కనే ఉన్నాను. రాయి పెట్టగానే ఆ పళ్లెం పైకి తేలింది. మరీ ఎక్కువ కాదు, దూరం నుంచి చూసేవాళ్లకు పళ్లెం ఊగినట్టే ఉంటుంది. పిల్ల ఊపు ఆపడానికన్నట్టు చెయ్యి పెట్టింది. ముల్లు మధ్యకొచ్చింది. చెయ్యి తీసింది, చిటికెన వేలు మాత్రం పళ్లెం అంచు మీద ఉండిపోయింది. ఆ గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కుతోంది. తండ్రి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు.

"సరిగ్గుంది," అంది.

"సరిగ్గుంది!" అంది క్లాసు, ఇంకా గట్టిగా.

 నోరు తెరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెరవలేదు.

విదేశీ ఆమెకు చాలా నచ్చింది. దుకాణం రాళ్లు తూయాలని ఎవరికి తోచిందని అడిగింది. "పిల్లలకే," అంది పెద్ద టీచరమ్మ. వచ్చినామె పిల్ల ముందు వంగి, ఏం తెలుసుకున్నావని అడిగింది. ఆఫీసరు తెలుగులో చెప్పాడు.

"మా రాళ్లన్ని సరిగ్గ ఉన్నయని తెల్సుకున్న," అంది పిల్ల.

చప్పట్లు కొట్టారు. ఫోటో తీశారు. ఇలాంటి బడులు ఇంకా ఎన్నో కావాలని ఆమె అందట. సేటు నా దగ్గరకొచ్చి రెండు చేతులూ జోడించాడు. "ఎనిమిదిల రాసుకోన్రి టీచరమ్మా," అన్నాడు.  ఆ రాయి సంగతి ఆయనకు తెలియదనే నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అందరూ వెళ్లాక పిల్ల రాళ్లు సంచిలో వేయడానికి ఆగింది. బయట వరండాలో పెద్ద టీచరమ్మ ఎవరికో ఫోటో సంగతి చెబుతోంది.

"చూసిన్రు గద టీచర్?" అంది, తలెత్తకుండా.

"చూసిన."

"అది అరిగిపోయింది. మా తాత నాటిది. బాపుకు తెల్వది. నేనే చెప్పి మార్పిస్త."

"మార్పించు. మరి అందరి ముందట ఎందుకు చెప్పలే?"

ఆ పిల్ల సంచి మూతి బిగించి నా మొహంలోకి చూసింది. కోపం లేదు, భయం లేదు, నాకు ఎప్పుడూ కనబడే కళ్లు చిట్లించడం కూడా లేదు. పెద్ద మనిషి చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"మొన్న ఉన్నదున్నట్టు సూపెడితే బడి పాయె. ఇయ్యాల గింత వేలు వెడితే ఎనిమిది వచ్చె. అంతే గద టీచర్?"

నాకు దుఃఖం ముంచుకొచ్చింది.   సంచి బరువుగా ఉంది. చెరో చెవి పట్టుకుని ఇద్దరం దుకాణం దాకా మోసుకెళ్లాం.