మా హాల్టులో ఎక్కినవాళ్ళు

డెబ్బైల మొదట్లో అరకు దారిలో ఒక చిన్న హాల్టులో టిక్కెట్ల గుమస్తాగా పనిచేశాను. మాది బొబ్బిలి పక్క పల్లె. వ్యవసాయపు ఇల్లు. అన్నదమ్ముల్లో చదువు అబ్బింది నాకొక్కడికే. రైల్వేలో ఉద్యోగమొచ్చిందనగానే మా ఊళ్ళో అందరూ నన్ను నల్ల కోటులో, పెద్ద జంక్షనులో ఊహించుకున్నారు. నాకు దొరికింది ఒక రేకుల గది, రాళ్ళు పేర్చి మట్టి పోసిన ప్లాట్‌ఫారం, వెనక కొండ, ముందు లోయ. పైవైపు కొంచెం దూరం నడిస్తే సొరంగం.

ఆ లైను వేసింది మనుషుల కోసం కాదు. పైనుంచి ఇనప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దింపడానికి వేశారు. పగలనక రాత్రనక ఖనిజం బళ్ళే తిరిగేవి. మనుషుల కోసం పొద్దున్న పైకి ఒక పాసింజరు, సాయంత్రం కిందికి ఒకటి. అదైనా మా దగ్గర ఆగేది ఒక్క నిమిషమే. చుట్టుపక్కల కొండదొర గిరిజనుల ఊళ్ళకి రోడ్డు లేదు. వాళ్ళకి దారంటూ ఉంటే ఆ ఒక్క నిమిషమే.

వారం పొడుగునా నాకు పని ఉండేది కాదు. ఒకరో ఇద్దరో ఎక్కేవారు, ఒక్కోరోజు అదీ లేదు. శుక్రవారం మాత్రం తెల్లారేసరికే ప్లాట్‌ఫారం నిండిపోయేది. అరకులో సంత. చిక్కుళ్ళు, అల్లం, పసుపు, పనసకాయలు, అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు పట్టుకుని ఆడవాళ్ళు కొండ దిగేవారు. మగవాళ్ళు కావడి దించి, చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ కూర్చునేవారు. పొగమంచు విడేలోపు అంతా నవ్వులే.

నేను చేరిన మొదటి శుక్రవారం కిటికీ తెరిచి కూర్చున్నాను. ఎవరూ కదల్లేదు. చివరికి ఒక పడుచు కోడలు వచ్చి నిలబడింది.

"బాబూ, ఇప్పుడు డబ్బులు నేవు. సంతలో అమ్మినాక వత్తాయి. మరెలాగ?"

అంతకుముందు అక్కడ పనిచేసినాయన వాళ్ళని ఎలా పంపేవాడో నాకు తెలీదు. దూరంగా బండి కూత వినిపించింది. అన్ని బుట్టలు, అన్ని ముఖాలు నావైపే చూస్తున్నాయి.

"సరే, ఎక్కండి. సాయంత్రం ఇద్దురు గాని," అన్నాను.

సాయంత్రం వచ్చారు. తిరుగు ప్రయాణానికి అరకులోనే టిక్కెట్టు కొనుక్కున్నారు, డబ్బు చేతికొచ్చింది గనక. పొద్దుటి ప్రయాణానికి మాత్రం నా గుమ్మంలో ఒకరు గుమ్మడికాయ పెట్టారు, ఒకరు దోసెడు కందులు పోశారు. ఏ బండికి అమ్మాలి ఇప్పుడు టిక్కెట్టు? బండి వెళ్ళిపోయింది కదా. నవ్వి ఊరుకున్నాను. తర్వాతి శుక్రవారం అడగలేదు. ఆ తర్వాత అడగాలని గుర్తు కూడా లేదు.

అది ఉత్త దయే అయితే బాగుండేది. కాదు. మా ఊళ్ళో నేను ఎవరికీ ఏమీ ఇచ్చే స్థితిలో ఉన్నవాణ్ణి కాదు. ఇక్కడ చెయ్యి ఊపి "ఎక్కండి" అంటే ప్లాట్‌ఫారమంతా కదిలేది. "మా బాబు మంచోడు" అని ఒకరికొకరు చెప్పుకుంటుంటే వినపడనట్టు ఉండేవాణ్ణి గాని, వినేవాణ్ణి. ఆ లైనులో టిక్కెట్లు తనిఖీ చేసేవాళ్ళు రావడమే అరుదు. పోయేదెవరి సొమ్ము, ప్రభుత్వానిదే కదా అనుకున్నాను.

ఒక్క మనిషికే ఇది నచ్చేది కాదు. ఆ పడుచు కోడలికి అత్త. బాగా పెద్దది, మోకాళ్ళు వంగినది, గొంతు మాత్రం ఖంగున మోగేది. పసుపు కొమ్ములు తెచ్చేది. ఆవిడ ఎక్కడ దాచి తెచ్చేదో గాని, చిల్లర పిడికిట్లో పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేది.

"చీటీ ఇయ్యి బాబూ."

"నీకేటి టిక్కెట్టు అమ్మా, ముసలిదానివి. ఎక్కు ఎక్కు."

"ముసిలిదాన్నయితే బరువు నేదేటి? బండి మొయ్యట్లేదా నన్ను?"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఆవిడ గొణుక్కుంటూ చిల్లర మళ్ళీ కొంగున ముడేసుకునేది. నేను ఆవిడకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక మంగళవారం పాసింజరులో ఇన్స్పెక్టరుగారు దిగారు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. ముక్కు మీద చెమట తుడుచుకుని నా గదిలో కూర్చుని, నేను కాచిన టీ తాగారు. ప్లాట్‌ఫారం మీద ఒక మేక పడుకుని ఉంది. నరమానవుడు లేడు.

"ఇక్కడ బండెక్కేవాళ్ళు ఎవరైనా ఉన్నారా బాబూ? మీ హాల్టు రాబడి చూస్తే బండి ఆపడానికి అయ్యే ఖర్చు కూడా రావట్లేదంటున్నారు పైవాళ్ళు. ఎత్తులో ఆపి మళ్ళీ లాగాలి కదా. వెనక ఖనిజం బళ్ళు ఆగిపోతున్నాయి," అన్నారు.

అప్పుడు చెప్పాల్సిన మాట చిన్నది. శుక్రవారం రండి సార్. అంతే. ఆయన శుక్రవారం వచ్చి ఉంటే ఆ ప్లాట్‌ఫారాన్ని చూసి, ఈ హాల్టు ఎవరికీ అక్కర్లేదని అనగలిగేవారు కాదు. కాని వస్తే ఆయన ఆ జనాన్నే కాదు, వాళ్ళ ఖాళీ చేతుల్నీ చూస్తారు. తర్వాత నన్ను చూస్తారు. ఉద్యోగం పోతుంది. మా నాన్న ఊళ్ళో తలెత్తుకోలేడు. ఇదంతా నా బుర్రలో తిరిగేసరికి ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"పెద్దగా ఎవరూ లేరు సార్," అన్నాను.

"అదే అనుకున్నాను. నీకూ మంచిదేలే. పెళ్ళి కావలసినవాడివి, ఈ కొండల్లో ఒంటిగా ఎన్నాళ్ళుంటావు? కింద వెయ్యమని నేను రాస్తాను."

ఆ మాటకి నాకు లోపల సంతోషం కలిగింది. అది ఇప్పటికీ మింగుడు పడదు. భయంతో నోరు మూసుకున్నానంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు. కాని ఆ సాయంత్రం అన్నం వండుకుంటూ విజయనగరంలో అద్దె ఇల్లు ఎలా ఉంటుందా అని ఆలోచించాను.

వానలు తగ్గే రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. ఫలానా రోజు నుంచి పాసింజరు మా హాల్టులో ఆగదు. నేను మిగిలిన టిక్కెట్లు, సామాను అరకు స్టేషనులో అప్పగించి కింద కొత్త చోట చేరాలి.

ఆ కబురు చెప్పడానికి కొండెక్కి ఆ అత్తాకోడళ్ళ ఊరు వెళ్ళాను. అన్నేళ్ళలో నేను ఆ ఊరు వెళ్ళడం అదే మొదలు. ముసలమ్మ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చోడి అంబలి, అదే రాగి జావ, ఇచ్చారు. గ్లాసు చేతిలో పట్టుకుని మొత్తం చెప్పేశాను. టిక్కెట్లు అమ్మనందుకే రాబడి కనపడలేదని, ఆఫీసరు అడిగితే ఎవరూ లేరన్నానని కూడా చెప్పాను. తిడతారని చూశాను. ఒకాయన, "పోనీలే బాబూ, నువ్వేటి సేత్తావు, పైవోళ్ళు సెప్పినారు కదా," అన్నాడు. వాళ్ళకి సగమే అర్థమైంది. లేకపోతే నాకు అలా అనిపించిందేమో.

ముసలమ్మకి మాత్రం మొత్తం అర్థమైంది.

"అయితే చీటీలు కొంటే బండి ఆగుద్దన్నమాట."

"ఆగేది అమ్మా."

"మరింకేటి. వచ్చే శుక్రారం నుంచి అందరం కొంటాం. డబ్బులు ముందే అట్టిపెట్టుకుంటాం. బండాపమని సెప్పు."

ఆ ఊళ్ళో పొద్దుటి పూట చేతిలో చిల్లర ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. కాని ఎలా చెప్పడం ఆవిడకి? ఒకసారి తీసేసిన హాల్టు మళ్ళీ పెట్టించాలంటే ఎన్ని గదులు తిరగాలో, ఆ గదుల్లో నా మాటకి విలువేమిటో? "చెప్తానమ్మా, చూస్తాను," అన్నాను. చెప్పడానికి నాకు ఎవరూ లేరు. ఇన్స్పెక్టరుగారికి చెప్తే ఆరోజు అబద్ధం ఎందుకు ఆడావంటారు.

ఆ శుక్రవారం అందరూ కొండ దిగారు. ఎప్పటికన్నా ఎక్కువమంది. టిక్కెట్ల పెట్టె అప్పటికే తాళం వేసి, గోనె చుట్టి ఉంచాను. కిటికీ మూసి ఉంది. అయినా కిటికీ ముందు వరసగా నిలబడ్డారు. ఎవరు చెప్పారో వాళ్ళకి వరసలో నిలబడాలని. ఒక్కొక్కరి పిడికిట్లో చిల్లర. ముసలమ్మ అందరికన్నా ముందు.

నేను బయటికి వచ్చి, "ఆగదమ్మా, నిజంగా ఆగదు," అన్నాను.

"నువ్వు సెప్పినావా?"

జవాబు చెప్పేలోపు కిందివైపు మలుపులో బండి కూత వేసింది. అందరూ బుట్టలు నెత్తికెత్తుకున్నారు. కొందరు చేతులెత్తి డబ్బులు చూపించారు డ్రైవరుకి. బండి కొంచెం నెమ్మదించిందేమో అనిపించింది, ఆ ఎత్తులో ఎప్పుడూ నెమ్మదే. పెట్టెలు ఒకటొకటే మా ముందునుంచి పోయాయి. కిటికీల్లోంచి జనం వింతగా చూశారు. నన్ను ఎరిగిన గార్డు వెనక పెట్టెలోంచి తల అడ్డంగా ఊపి, చెయ్యి నుదుటికి పెట్టుకున్నాడు. తర్వాత సొరంగంలోకి పోయింది.

ఎవరూ ఏడవలేదు, అరవలేదు. చిక్కుళ్ళు వాడిపోతాయని ఒకావిడ ఆకు కప్పింది. "వచ్చే వారం ఆగుద్దేమో," అన్నారెవరో. ముసలమ్మ నావైపు చూడకుండానే కొండదారి పట్టింది.

తర్వాతి శుక్రవారం వాళ్ళు ఇక హాల్టు దగ్గర ఆగలేదు. చీకటి విడకుండానే పట్టాల వెంట, సొరంగం అవతలి పైస్టేషనుకి బయల్దేరారు, బండి అక్కడ ఆగుతుంది గనక. నేనూ అరకు వెళ్ళి పెట్టె అప్పగించాల్సిన రోజు అదే. వాళ్ళ వెంటే నడిచాను. పెట్టె బరువు. పడుచు కోడలు నా చేతిలోంచి లాక్కుని తన బుట్ట మీద పెట్టుకుంది. వద్దంటే వినలేదు. అత్త ఏదని అడిగాను.

"సొరంగం నడవనేదు బాబూ. మోకాళ్ళు. పసుపు నాకిచ్చి అమ్మమంది."

సొరంగంలో డీజిలు పొగ ఇంకా పోలేదు. కొంగులు ముక్కులకి కట్టుకుని, గోడ తడుముకుంటూ వెళ్ళారు. కాళ్ళకింద నీళ్ళు. మధ్యలో కిందికొచ్చే ఖనిజం బండి కూత వినపడగానే ఎవరో కేకేశారు. గోడలో మనుషులు దాక్కునేందుకు తవ్విన గూళ్ళలోకి బుట్టలతో సహా దూరిపోయారు. నన్నూ ఒకాయన లోపలికి గుంజాడు. బండి పోయినంతసేపు పక్కమనిషి గుండె కొట్టుకోవడం నాకు తెలిసింది. ఒక పసిగుంట ఏడుపు లంకించుకుంది. వారం వారం ఇది. ఇలా వెళ్ళి, ఇలా రావాలి.

స్టేషనులో వాళ్ళు చిల్లర ఇచ్చి టిక్కెట్లు కొన్నారు. నాకు స్టాఫ్ పాసు ఉంది. ఊరికే ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. వాళ్ళు తలుపు దగ్గర నేల మీద కూర్చున్నారు.

అరకులో పెట్టె అప్పగించి, సంతకాలు అయ్యాక సంతకి వెళ్ళాను. అన్నేళ్ళు అందరినీ సంతకి పంపినవాణ్ణి, ఒక్కసారీ చూడలేదు. కోడలు ఒక మూల గోనె మీద పసుపు కొమ్ములు పరిచి కూర్చుంది. సాలూరు వ్యాపారి ఒకడు వంగి, ఒక కొమ్ము విరిచి వాసన చూసి, ఏదో ధర అన్నాడు. అత్త ఉంటే ఆ ఖంగుమనే గొంతుతో సంతంతా వినపడేలా కడిగేసేది. ఈమె సరేనని తలాడించింది. అతను గోనె అంచులు పట్టి మొత్తం తన బస్తాలో గుమ్మరించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ధర ఎంతుండాలో నాకూ తెలీదు.

"అత్త తిడతాది," అంది నన్ను చూసి, సిగ్గుగా నవ్వుతూ.

సాయంత్రం వాళ్ళెక్కిన బండిలోనే కిందికి వచ్చాను. పైస్టేషనులో వాళ్ళంతా దిగారు. పొద్దు వాలుతోంది. "ఎల్లొస్తాం బాబూ, పెళ్ళికి పిలు," అని నవ్వారు. నా బండి సొరంగం దాటేదాకా వాళ్ళు లోపలికి అడుగుపెట్టకూడదు. అందుకని పట్టాల పక్కన కూర్చుని ఎదురుచూస్తున్నారు. బండి కదిలింది. తలుపు దగ్గర నిలబడి, పొగ కళ్ళలో పడుతున్నా, సొరంగం అయిపోయేదాకా అలాగే ఉన్నాను.

విజయనగరంలో ఇల్లు దొరికింది. ఆ ఏడే పెళ్ళయింది. వాళ్ళని పిలవలేదు.