ఆవగింజంత నల్లమందు

నొప్పి మందులు మోతాదు మించి, నిద్రలోనే ఊపిరి ఆగి పోయినవాళ్ల గురించి ఇప్పుడు పేపర్లో చదువుతున్నాను. వాటిలో ఫెంటానిల్ అన్న మందు పేరు నాకు కొత్త. ఆ చావు కొత్త కాదు. డెబ్బైల్లో, కంకిపాడు దగ్గర మా చెల్లెలి ఇంట్లో దాన్ని చూశాను. చూసినవాళ్లలో మిగిలింది నేనూ చెల్లెలూ. అందుకే రాస్తున్నాను.

నాట్ల రోజుల్లో చంటిపిల్లలకు ఆవగింజంత నల్లమందు చనుబాలలో రంగరించి నాకించేవారు. తల్లి చేలోంచి వచ్చేదాకా బిడ్డ ఏడవకుండా పడుకునేది. ఎవరూ తప్పనుకోలేదు. చెల్లెలి కూతురికి నాకించేది ఎప్పుడూ అత్తగారే. ఆ రోజు ఆవిడ కాలువకు వెళ్లి ఇంకా రాలేదు. నాట్ల కూలీల ముఠా బయలుదేరుతుంటే చెల్లెలే నాకించి వెళ్లిపోయింది. ఆవిడ నీళ్లతో తిరిగొచ్చి, సంగతి తెలియక తనూ నాకించింది.

నేను వెళ్లేసరికి పిల్ల ఉయ్యాలలో ఉంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య చాలా ఎడం. లేపితే కదల్లేదు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"అత్తయ్యగారూ, పిల్ల ఊపిరి తేడాగా ఉందండీ."

"పడుకోనీవమ్మా. ఏడిస్తే ఏడుస్తుందంటారు, పడుకుంటే పడుకుందంటారు. ఆ లైబ్రరీ పుస్తకాలు చదివి, నిద్రపోయే పిల్లకి కూడా జబ్బు అంటగడతావు."

చెల్లెల్ని చేలోంచి పిలిపించి, తను బురద కాళ్లతో ఉండగానే పిల్లనెత్తుకుని, అత్తగారితో సహా ముగ్గురం బెజవాడ బస్సెక్కాం. సంగతి విని డ్రైవరు దారిలో ఎక్కడా ఆపలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల కనురెప్ప ఎత్తి చూసింది. కంటిపాప సూదిమొనంత ఉంది.

"నల్లమందు ఎవరు పెట్టారు?"

"నేనేనండీ" అంది చెల్లెలు.

అత్తగారు ఆమె వైపు తిరిగింది. "నువ్వు పెట్టావా? నేనూ పెట్టానే తల్లీ."

ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు, విరుగుడు సూది వేశారు. అప్పటికే ఆలస్యమైంది. తిరుగు బస్సులో చెల్లెలి రవిక పాలతో తడిసిపోయింది.

తర్వాత లైబ్రరీలో వెతికి చదివాను. నల్లమందూ, ఆసుపత్రిలో నొప్పికి వేసే మార్ఫినూ ఒకే మొక్క పాలనుంచి వస్తాయి. మోతాదు మించితే ఊపిరి తీసుకోవడాన్నే ఒంటికి మరిపిస్తాయి. లేపినా లేవకపోతే, ఊపిరి మందగిస్తే, పెదవులు నీలమైతే అది నిద్ర కాదు. క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

చెల్లెలు పేర్లు వద్దంది. పేరు లేకుండానే ఆ డ్రైవరుగారికీ, డాక్టరమ్మగారికీ, ఇంగ్లీషు పేజీలు నాకు తెలుగులో చెప్పిన లైబ్రేరియన్‌గారికీ కృతజ్ఞతలు. చెల్లెలి అత్తగారికి కూడా. ఏటా నాట్లకు ముందు ఆవిడ ఇంటింటికీ వెళ్లి, "నా మనవరాలు ఇట్లాగే పోయిందమ్మా, పెట్టమాకండి" అని చెప్పేది. కొందరు విసుక్కుని తలుపేసుకునేవారు. చెప్పి వచ్చిన రోజు ఆవిడ అన్నం తినేది కాదు.